టింగుమంటే బెల్టు

కొత్త కారుకి నోరెక్కువ. ఆ సంగతి హిల్యాకి కారులో కూర్చున్న మరుక్షణమే తెలిసిపోయింది. బండి ఇంకా రోడ్డెక్కనే లేదు, ఎక్కడో మోకాళ్ల ముందునుంచి "టింగ్" అంది. కాసేపాగి మళ్లీ "టింగ్" అంది. ఆ తర్వాత ఇక తెరిపి లేదు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి సాధించినట్టు టింగు టింగుమంటూనే ఉంది.

"బెల్టు పెట్టుకో అమ్మా, ఊరుకుంటుంది," అంది కూతురు మారికా, కిటికీలోంచి లోపలికి వంగి. కారు మారికాదే.

హిల్యా బెల్టు పెట్టుకుంది. కారు నోరు మూసుకుంది.

"మరి మంచెక్కాక?"

"మంచెక్కాక తీసెయ్యాలిగా. కొత్తగా అడుగుతావేం?"

"తీసేస్తే మళ్లీ అరుస్తుంది కదే."

"అరవనీ. అరిచి అరిచి దానికే గొంతు పోతుంది. కాసేపు ఓర్చుకోలేవా?"

ఓర్చుకోలేనని హిల్యా అనలేదు. ఆ రోజు 'లేను' అన్న మాట తన నోట రాకూడదని పొద్దున్న కాఫీ కాచుకుంటున్నప్పుడే ఒట్టు పెట్టుకుంది.

తూలెసార్ దీవి మనుషులకి దారులు రెండే. ఎండాకాలం పడవ, చలికాలం మంచు. సముద్రం బాగా గట్టిపడి, పడవ రేవులో బిగుసుకుపోయాక, నీళ్ల మీదే బాట తీసి, రెండు పక్కలా జూనిపర్ కొమ్మలు గుచ్చుతారు. ఈ గట్టునొక గుడిసె, ఆ గట్టునొక గుడిసె వేసి కాపలా మనుషుల్ని కూర్చోబెడతారు. నేల మీద బెల్టు పెట్టుకోకపోతే జరిమానా, మంచు మీద పెట్టుకుంటే జరిమానా. మంచు పగిలిందంటే కారు బండరాయిలా దిగిపోతుంది. కట్టేసుకుని కూర్చున్నవాడు దానితోపాటే పోతాడు, కట్టుకోనివాడు తలుపు తోసుకుని బయటపడతాడు. దీవిలో పిల్లలకి నడక రాకముందే నేర్పే మాట ఇది.

హిల్యా పాత కారుకి ఈ గొడవే ఉండేది కాదు. దాని బెల్టుల్లో ఒకటి ఎప్పుడో గొర్రెపిల్లని కట్టడానికి కోసేశారు, ఇంకొకటి ఎలుకలు కొట్టేశాయి. అది టింగుమని ఎరగదు, టంగుమని ఎరగదు. పాపం, ఈ చలికాలం మొదట్లోనే అది కళ్లు తేలేసింది. అందుకని హిల్యా పాల బండిలో సముద్రం దాటి, పెద్ద గడ్డ మీదున్న కూతురింటికి వచ్చింది, కూతురి కారు అడిగి తీసుకుంది. తీసుకున్నది దేనికంటే, తన మొగుణ్ని ఇంటికి తీసుకుపోవడానికి.

మొగుడి పేరు తావెత్. నలభై చలికాలాలు ఆ మంచుబాటకి కొమ్మలు గుచ్చిన మనిషి. రెండేళ్లుగా అతని బుర్రలోంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ముందు పొరుగువాళ్ల పేర్లు పోయాయి, తర్వాత వారాలు పోయాయి, ఆ తర్వాత పొయ్యిలో నిప్పుందో లేదో చూసుకోవడం పోయింది. ఆకురాలే రోజుల్లో హిల్యా మెట్ల మీద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడు మారికా వచ్చి, "నీ చెయ్యి అతుక్కునేదాకానేనమ్మా" అని తండ్రిని తీసుకెళ్లి పెద్ద గడ్డ మీద ముసలివాళ్లని చూసుకునే ఇంట్లో చేర్చింది. చెయ్యి అతుక్కుంది. మొగుడు మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ రేపు అంటూ మారికా చలికాలమంతా నెట్టుకొచ్చింది.

ఇప్పుడు మంచు మెత్తబడింది. రేపట్నించి బాట మూసేస్తారు, మళ్లీ పడవ తిరిగేది నీళ్లు తేటపడ్డాకే. ఇంక దాటవెయ్యడానికి లేక మారికా ఒక ఒప్పందానికి వచ్చింది.

"చూడమ్మా. నువ్వొక్కదానివే నాన్నని మంచు దాటించి, గొడవ లేకుండా ఆ గట్టుకి చేరిస్తే, నీ దగ్గరే ఉండనిస్తా. దారిలోనే నీ వల్ల కాకపోతే, ఇంట్లో ఎలా అవుతుంది? అక్కడ నాన్న మంచం సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టమన్నా."

"చేరిస్తానే. ఎందుకు చేర్చను?"

"నువ్వు చెప్తే నమ్మను. నీ నోటితో బాగాలేదని ఏనాడన్నా అన్నావా? చెయ్యి విరిగి వేలాడుతుంటే 'కొంచెం బెణికింది' అన్నదానివి. నేను ఏల్మార్‌కి ఫోన్ చేసి కనుక్కుంటా."

ఏల్మార్ అంటే దీవి గట్టున గుడిసెలో కాపలా ఉండేవాడు. మారికాతో చదువుకున్నవాడు, అబద్ధమాడితే చెవులు ఎర్రబడే రకం.

తావెత్‌ని తెచ్చుకోవడానికి ఇద్దరూ ఆ ముసలివాళ్ల ఇంటికి వెళ్లారు. అక్కడివాళ్లు అతనికి నున్నగా గడ్డం గీశారు, కొత్త చొక్కా తొడిగారు. హిల్యాని చూసి, "వచ్చావా" అన్నాడు, సంతకి వెళ్లొచ్చిన మనిషిని అడిగినట్టు. ఆ ఒక్కమాటకే ఆమె కడుపు చల్లబడింది.

ముందు సీట్లో, స్టీరింగుకి కుడిపక్కన కూర్చోబెట్టారు. వెనక కూర్చోమంటే, "నేనేమన్నా దూడనా" అన్నాడు. కారు "టింగ్" అంది. అనగానే తావెత్ చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. పట్టీ లాగింది, బిళ్లని లాకులో పెట్టింది. టక్.

"చూశారా!" అంది అక్కడ పనిచేసే పిల్ల లీస్, చప్పట్లు కొట్టి. "ఈయనకి ఇంక కొత్తది ఏదీ ఎక్కదని డాక్టరు చెప్పారు కదా? ఇది ఎక్కింది! షికారుకి వ్యాన్‌లో తీసుకెళ్లినప్పుడల్లా చెప్పి చెప్పి నేర్పాను. తావెత్ తాతా, చెప్పండి. టింగుమంటే?"

"బెల్టు," అన్నాడు తావెత్, బడిపిల్లాడిలా గడ్డం ఎత్తి.

మారికా కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశావా అమ్మా. నాన్న నేర్చుకున్నాడు."

హిల్యా కూడా నవ్వింది.  చలికాలమంతా కష్టపడి ఈ మనిషి బుర్రలోకి ఒకే ఒక్క కొత్త సంగతి ఎక్కించారు. అది మంచు మీద పనికిరాని సంగతి.

పనికిరాకపోవడమేమిటి, ప్రాణం తీసే సంగతి.

* * *

అయినా హిల్యా చేతులూపుకుంటూ రాలేదు. కోటు జేబులో వీరా ఇచ్చిన బిళ్ల ఉంది. పక్కింటి వీరా ఏదో పాడుబడ్డ కారు బెల్టుని కోసి, పట్టీ లేని బిళ్లని ఒక్కటీ తీసి దాచింది. దాన్ని లాకులో గుచ్చితే బెల్టు పెట్టుకున్నారనుకుని కారు ఊరుకుంటుంది. మనిషికి కట్టు మాత్రం ఉండదు. దీవిలో ఆ బిళ్లని జల్లెడనీ పులిసిన పిండినీ అరువు తీసుకున్నట్టే ఒకరి దగ్గర్నించి ఒకరు తీసుకుపోతుంటారు. కాపలావాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

మంచు మొదలయ్యే చోట గుడిసె ముందు కారాపి, తన బెల్టూ మొగుడి బెల్టూ తీసేసి, హిల్యా ఆ బిళ్లని తన పక్కనున్న లాకులో గుచ్చింది. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. తిప్పి గుచ్చింది. ఊహూఁ. తావెత్ పక్కదాంట్లో గుచ్చి చూసింది. అదీ మింగలేదు.

కాపలా కుర్రాడు చలికి ఎర్రబడ్డ ముక్కుతో కిటికీ దగ్గరికొచ్చి చూశాడు.

"అది పాతకాలం బిళ్ల పెద్దమ్మా. కొత్త కార్ల నోళ్లు చిన్నవి."

"చిన్ననోటికి ఇంత గోలేంటయ్యా మరి?"

వాడు నవ్వాడు. కారేమో టింగు టింగుమంటోంది. ఇద్దరికీ బెల్టు లేదు కాబట్టి దానికి ఇద్దరి మీదా కోపమే.

"పోనీ, పట్టీని వీపు వెనకనుంచి వేసి లాకులో పెట్టుకుంటా. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. పోయినసారి ఒకాయన అట్లాగే పెట్టుకుని దిగబోతే కోటు చిక్కుకుంది. గట్టి మంచు మీద కాబట్టి నవ్వుకున్నాం." వాడు వేలు చూపించి చెప్పాడు. "తలుపులకి తాళం వెయ్యొద్దు. ఇవాళ మంచు మీద నీళ్లు నిలిచాయి, వేగం ఇరవై అయిదు దాటొద్దు. దాటితే కింద అల లేస్తుంది. ఆగొద్దు. వెనక్కి తిప్పొద్దు. మీ వెనక ఇంక ఎవర్నీ పంపను, మీదే ఆఖరి బండి."

"ఆఖరి బండి," అన్నాడు తావెత్, చెయ్యి భుజం మీదికి పోనిచ్చి. టక్.

హిల్యా వంగి మీట నొక్కింది. బెల్టు జర్రున వెనక్కి పోయింది.

"ఇవాళ వద్దు తావెత్. మంచు మీద వద్దు. సరేనా?"

"సరే," అన్నాడతను.

కారు నేల దిగి మంచెక్కింది.

* * *

ఆ 'సరే' పట్టుమని పది జూనిపర్ కొమ్మలు దాటేదాకా కూడా నిలవలేదు. టింగ్. చెయ్యి లేచింది. టక్. హిల్యా నొక్కింది. జర్ర్. టింగ్. చెయ్యి లేచింది. టక్. తావెత్ ముఖంలో విసుగు లేదు, మొండితనమూ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి ముఖం. అది చూస్తుంటేనే హిల్యాకి ఏడుపొచ్చేలా ఉంది.

"మంచయ్యా ఇది! చూడు, కొమ్మలు చూడు! నువ్వు గుచ్చేవాడివి కాదూ?"

తావెత్ కొమ్మల వంక చూశాడు. "ఎవరో బాగానే గుచ్చారు," అన్నాడు. టక్.

అతను పెట్టుకున్నా కారు ఊరుకోలేదు. ఎందుకూరుకుంటుంది, హిల్యాకి బెల్టు లేదుగా. తావెత్ తన గుండెల మీద పట్టీని తడుముకున్నాడు. ఉంది. మరెందుకరుస్తోంది? మెల్లగా తల తిప్పి హిల్యా వైపు చూశాడు.

"నీది," అన్నాడు.

అని ఊరుకోలేదు. ఆమె మీదికి వాలి, స్టీరింగుకీ ఆమె కడుపుకీ మధ్యనుంచి చెయ్యి దూర్చి ఆమె బెల్టు కోసం వెతకడం మొదలుపెట్టాడు. కారు పక్కకి కోసుకుపోయింది. ఒక జూనిపర్ కొమ్మ అద్దానికి ఫట్‌మని తగిలి విరిగింది. హిల్యా మోచేత్తో అతన్ని నెట్టి, స్టీరింగు తిప్పి, మళ్లీ బాట మీదికి తెచ్చింది. వెనక్కి తిరగడానికి లేదు. ఆగడానికి లేదు. కారాగితే బరువంతా ఒకేచోట కూర్చుంటుంది, కింద మెత్తబడ్డ మంచు ఎంతసేపు మోస్తుందో ఎవరికి తెలుసు? ముందు చూస్తే తూలెసార్ ఇంకా గీతలాగే ఉంది, వెనక పెద్ద గడ్డ పొగమంచులో కలిసిపోయింది. మధ్యలో తనూ, మొగుడూ, ఆ టింగు టింగూ.

రేడియో పెట్టింది. కారేమో రేడియో గొంతు తగ్గించి మరీ టింగుమంది. "ఛీ, నీ జిమ్మడ," అని ముందున్న పలకని అరచేత్తో కొట్టింది. ఏదో నొక్కుకుని అద్దాలు తుడిచే పుల్లలు కిర్రుకిర్రుమని ఊగడం మొదలుపెట్టాయి. ఆపడం తెలియలేదు. ఇప్పుడు టింగ్, కిర్ర్, టింగ్, కిర్ర్.

చేతితొడుగులు గుర్తొచ్చాయి. గొర్రెతోలువి, మందంగా ఉంటాయి. వాటితో బిళ్ల పట్టుకోలేడు. "చలేస్తోంది, ఇవి తొడుక్కో," అంది. తావెత్ బుద్ధిగా తొడుక్కున్నాడు. టింగ్. తొడుగుల చేత్తో పట్టీ పట్టుకోబోయాడు, జారింది. మళ్లీ పట్టుకోబోయాడు. తర్వాత పళ్లతో ఒక తొడుగు కొరికి లాగి ఒళ్లో పడేసి, టక్.

"వద్దన్నానా!" అని అరిచింది హిల్యా.

యాభై ఏళ్ల కాపురంలో ఆమె అతని మీద అట్లా అరిచింది లేదు. చేపలు చెడిపోయినప్పుడు అరవలేదు, పొయ్యి పక్కన తివాచీ కాలిపోయినప్పుడూ అరవలేదు. తావెత్ ముడుచుకుపోయాడు.  ఆ కంగారులో హిల్యా కాలు పెడలు మీద బరువెక్కింది, ముల్లు ఇరవై అయిదు దాటి ముప్ఫైకి పోయింది. ఎక్కడో కింద, చాలా లోతున, పెద్ద తలుపు బందు తిరిగినట్టు మంచు మూలిగింది. టింగు టింగుల్లో కూడా ఆ మూలుగు వినబడింది. చటుక్కున కాలు తీసింది. ముల్లు దిగింది. మూలుగు కొంతదూరం వెంట వచ్చి ఆగింది.

ఇంక ఒకటే దారి. బెల్టు తీసేసి, తన కుడి అరచేతిని అతని లాకు మీద బోర్లించింది. నోరు మూసేసినట్టు. ఎడం చేత్తో స్టీరింగు పట్టుకుంది. విరిగి అతుక్కున్న మణికట్టు అదే.

టింగ్. తావెత్ పట్టీ లాగాడు. బిళ్ల తెచ్చి గుచ్చాడు. లాకు ఉండాల్సిన చోట మెత్తటిదేదో ఉంది. మళ్లీ గుచ్చాడు. బిళ్ల అంచు హిల్యా వేళ్ల కణుపుల మీద గీరింది. "తియ్యి," అన్నాడు. ఆమె తియ్యలేదు. గుచ్చాడు. "తియ్యవే." గుచ్చాడు. చర్మం లేచింది. రక్తం చిమ్మి ఆ లేతరంగు సీటు మీద పడింది. ఆమె పళ్లు బిగబట్టి ముందుకి చూస్తోంది. నీటిమడుగులు వచ్చాయి. మంచు మీద నిలిచిన నీళ్లు చక్రాల కింద చప్‌చప్‌మంటున్నాయి. దాని కింద మంచుందని నమ్ముకుని పోవడమే.

"తియ్యి హిల్యా," అన్నాడు తావెత్. ఇప్పుడతను ఏడుస్తున్నాడు. "తియ్యవే, నీకు దణ్ణం పెడతా. పెట్టుకోకపోతే పంపరు."

"ఎక్కడికి పంపరు?"

"ఇంటికి." చిన్నపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. "టింగుమంటే బెల్టు. బెల్టు పెట్టుకుంటే ఇంటికి. ఆ పిల్ల చెప్పింది. రోజూ పెట్టుకున్నా. ఒక్కరోజు కూడా మానలేదు. అయినా పంపలేదు. ఇవాళ పెట్టుకోకపోతే అస్సలు పంపరు."

లీస్ చెప్పిన ఇల్లు వేరు, పాపం. వ్యాన్ తిరిగి వెళ్లే ముసలివాళ్ల ఇల్లే ఆమె అన్న ఇల్లు. తావెత్ చెవికి ఇల్లంటే ఒకటే. చలికాలమంతా ఈ మనిషి తన ఇంటికి పోవడానికే బెల్టు పెట్టుకున్నాడు. వ్యాన్ దింపిన ప్రతిసారీ అది తన ఇల్లు కాదని చూసి, రేపు ఇంకా బాగా పెట్టుకోవాలనుకున్నాడు.

హిల్యా ఏమని చెప్పగలదు? ఇంటికే పోతున్నాం, అందుకే వద్దంటున్నా అంటే, ఆ మాట ఈ చెవిన పడి ఆ చెవిన పోతుంది, టింగుమన్నది మాత్రం నిలిచిపోతుంది. ఆమె చెయ్యి తియ్యలేదు. అతను గుచ్చడం ఆపలేదు. ఇద్దరికీ కావలసింది ఒకటే, దానికోసమే ఇద్దరూ ఒకరినొకరు హింసపెట్టుకుంటున్నారు. హిల్యాకి కళ్లు నిండిపోయాయి. కళ్లే కాదు, ఇద్దరి ఊపిరికీ ఏడుపుకీ అద్దాలన్నీ తెల్లగా పొగబట్టాయి. ఊగుతున్న పుల్లలు బయట తుడుస్తున్నాయి గానీ పొగ లోపలుంది. కొమ్మలు కనబడటం లేదు. కుడివైపో ఎడమవైపో తెలియడం లేదు.

కిటికీ దింపుదామంటే, ఈ కారులో కిటికీ దింపే పిడి లేదు. మీటలున్నాయి, బోలెడున్నాయి, ఏది దేనికో. రక్తమోడుతున్న చెయ్యి లాకు మీదనుంచి తియ్యడానికి లేదు, ఎడం చెయ్యి స్టీరింగు మీదనుంచి తియ్యడానికి లేదు. అప్పుడు పాత కారులో చేసిన పనే చేసింది. ఎడం మోచేత్తో పిడి లాగి, భుజంతో తలుపు తోసింది.

గాలి లోపలికి విసురుగా వచ్చింది. తడి గాలి, ఉప్పు వాసన, కరుగుతున్న మంచు వాసన. కారుకి పిచ్చెక్కిపోయింది. తలుపు తెరిచినందుకు ఇంకో గొంతుతో ఇంకో మోత మొదలుపెట్టింది. ఒకటి టింగు టింగు, ఒకటి డుండుండుం, ఇద్దరు సవతులు నుయ్యి దగ్గర పోట్లాడుకుంటున్నట్టు. హిల్యా తల బయటికి పెట్టి చూసింది. కొమ్మలు. ఎడం పక్కనే ఉన్నాయి. బాట మీదే ఉన్నారు.

చేతి మీద పోట్లు ఆగిపోయాయని ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు.

తావెత్ ముక్కు పైకెత్తి గాలి పీలుస్తున్నాడు. బిళ్ల పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మళ్లీ పీల్చాడు. వేళ్లు విడిచాయి. బెల్టు జర్రున వెనక్కి పోయింది, ఆ సంగతి కూడా అతను గమనించలేదు. అటు తిరిగి తన పక్క తలుపు తెరిచాడు.

"తావెత్!"

 దూకేస్తాడనుకుంది హిల్యా. దూకితే అతన్నీ ఆపడానికి లేదు, కారూ ఆపడానికి లేదు. రక్తపు చేత్తో అతని కోటు పట్టుకుంది.

అతను దూకలేదు. సీటు అంచుకి జరిగాడు, కుడికాలు తీసి గుమ్మం మీద పెట్టాడు. ఒక చెయ్యి తలుపు పైఅంచు మీద వేశాడు. తల కొంచెం బయటికి వంచాడు. అంతే, అట్లా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం హిల్యాకి తెలుసు. పెళ్లయిన ఏడాది గుర్రబ్బండి మీద, తర్వాత లారీలో, తర్వాత పాత కారులో, మంచు మెత్తబడ్డ ప్రతి ఏడూ అతను అట్లాగే కూర్చునేవాడు. కొత్తకోడలిగా ఆమె దుప్పట్లో చుట్టుకుని వెచ్చగా కూర్చోబోతే, "మంచు మీద చుట్టంలా కూర్చోవే, ఇంటి యజమానిలా కూర్చోకు. ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి," అని తిట్టినవాడు.

"తలుపు వేసెయ్యకు," అన్నాడు ఇప్పుడు, ఆమె వైపు చూడకుండా. "మెత్తబడింది."

"వెయ్యను."

"నెమ్మదిగా పోనీ."

"నెమ్మదిగానే పోతున్నా."

టింగు టింగు, డుండుండుం. తావెత్‌కి అవి వినబడుతున్నాయో లేదో గానీ, చెయ్యి మాత్రం తలుపు మీదనుంచి కదల్లేదు. హిల్యా అతని కోటు వదిలిపెట్టలేదు. నమ్మకం కుదిరీ కుదరనట్టుంది. చలికి ఇద్దరి చెవులూ మొద్దుబారాయి. కాళ్ల మీదికి నీళ్లు చిమ్మాయి. ఒకచోట మంచు టప్‌మని పగిలిన చప్పుడయింది, పైపైనే.  తావెత్ గుమ్మం మీద కాలు కొంచెం సర్దుకున్నాడు, అంతే. తూలెసార్ గీత మెల్లగా చెట్లయింది, చెట్ల మధ్య గుడిసె అయింది, గుడిసె ముందు ఎర్రటి టోపీ అయింది.

ఆ టోపీ కింద ఏల్మార్ ఉన్నాడు. చెవి దగ్గర ఫోన్ ఉంది.

* * *

చక్రాలు గులకరాళ్ల మీదికెక్కగానే హిల్యా కారాపింది. మోతలు ఆగలేదు. ఆమె చెయ్యి కోటు పట్టు విడవడానికి మొరాయించింది, వేళ్లని ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది.

ఏల్మార్ వచ్చి చూశాడు. బార్లా తెరిచిన రెండు తలుపులు, సీటు మీద రక్తం, పొడి అద్దం మీద ఇంకా కిర్రుమంటున్న పుల్లలు.

"చెయ్యికేమైంది పిన్నీ?"

"కారు కరిచింది."

ఫోన్లోంచి మారికా గొంతు దూరంగా వినబడుతోంది. "ఏల్మార్? వచ్చారా? నాన్న గొడవ చేశాడా? నిజం చెప్పు."

ఏల్మార్ తావెత్ వంక చూశాడు, కాలు గుమ్మం మీద పెట్టి మంచు వైపు చూస్తున్న మనిషిని. హిల్యా చేతి వంక చూశాడు. అతని చెవులు ఎర్రబడటం మొదలుపెట్టాయి.

"గొడవ చేసింది మీ కారు, మారికా. ఇక్కడిదాకా వినబడింది. మీ నాన్న మంచు మీద ఎట్లా కూర్చోవాలో అట్లా కూర్చుని వచ్చాడు. ఇవాళ దాటినవాళ్లలో ఇంకెవరూ అట్లా కూర్చోలేదు."

ఫోన్లో మారికా అంది, "అమ్మకివ్వు."

హిల్యా ఫోన్ తీసుకుంది.

"బాగానే జరిగిందా అమ్మా?"

బాగానే జరిగిందే అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. యాభై ఏళ్ల అలవాటు, ఊరికే పోతుందా. ఆమె వేళ్ల వంక చూసుకుంది. ఎందుకో ఆ మాట దాటలేదు.

"లేదే," అంది. "బాగా జరగలేదు. దారిపొడుగునా ఏడ్చాం. నేనాయన మీద అరిచాను. ఆయన నా చెయ్యి చీరేశాడు, నీ సీటంతా రక్తమయింది. మునిగిపోతామనుకున్నా, ఒకసారి కాదు."  పొద్దున్న పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది, అయినా అనేసింది. "ఒక్కదాన్నే అయితే నేను చెయ్యలేనే. వారానికోసారి ఎవరన్నా రావాలి. నువ్వు రావాలి, పడవ తిరిగాక. కానీ ఆయన్ని మళ్లీ అక్కడికి పంపకు. చలికాలమంతా ఇంటికి రావాలనే బెల్టు పెట్టుకున్నాడే. మనకి తెలియలేదు."



"నీకు కష్టమైందని నువ్వు చెప్పడం ఇదే మొదటిసారి," అంది మారికా. ముక్కు చీదిన చప్పుడయింది. "మంచం ఎవరికన్నా ఇచ్చెయ్యమని చెప్తా. మొదటి పడవకి వస్తా. చేతికి కట్టు కట్టించుకో. సీటు కడగకు, వేన్నీళ్లు తగిలితే మరక ముదురుతుంది, నేనొచ్చి చూసుకుంటా."

హిల్యా ఫోన్ ఏల్మార్‌కిచ్చింది. అతను చేతిరుమాలు తీసి ఆమె చేతికి చుట్టాడు, ఏవో మీటలు నొక్కి ఊగుతున్న పుల్లల్ని ఆపాడు. తర్వాత మంచు మీదికి వెళ్లి, బాటకి అడ్డంగా తాడు కట్టడం మొదలుపెట్టాడు.

తావెత్ కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకున్నాడు. హిల్యా కూడా వేసింది. డుండుండుం ఆగింది. టింగు టింగు మిగిలింది. ముందు గులకరాళ్ల దారి, దాని చివర దేవదారుల మధ్య వాళ్ల ఇంటి పొగగొట్టం కనబడుతున్నాయి. వీరా ముందుగానే వెళ్లి పొయ్యి రాజేసినట్టుంది, పొగ వస్తోంది.

టింగ్. తావెత్ చెయ్యి భుజం మీదికి వెళ్లింది. హిల్యా ఉలిక్కిపడి లాకు మీద చెయ్యి బోర్లించబోయి, ఆగి, తీసేసింది. ఇది నేల. టక్.

కారు ఇంకా అరుస్తూనే ఉంది. తావెత్ ఆమె వైపు తిరిగాడు. ఆమె ఒళ్లో కట్టు కట్టిన చెయ్యి చూశాడు. ఆమె మీదుగా నిదానంగా వంగి, పట్టీ లాగి, కోటు చిక్కుకోకుండా సర్ది, బిళ్ల పెట్టాడు. టక్.

కారు నోరు మూసుకుంది. మంచు మీద ఏల్మార్ మేకు కొడుతున్న చప్పుడు వినబడింది.

"పెట్టుకోవాలి," అన్నాడు తావెత్, ఆమె భుజం తట్టి. "లేకపోతే నిన్ను కూడా ఇంటికి పంపరు."